డబ్బివ్వని వాళ్ల రసీదులు

మేడమ్ పేరున ఆర్చి కట్టాలని మా సంఘం నిశ్చయించింది. బులిలేకా రోడ్డు మీంచి ఆవిడ నడిపిన చిన్నపిల్లల బడికి తిరిగే మలుపులో రెండు స్తంభాలు, వాటి మీద కమాను, కమాను మీద ఆవిడ పేరు, స్తంభాల మీద చందాదారుల పేర్లు. మా తాతలు చెరుకు కూలీలుగా వచ్చి చేరిన ఈ దీవిలో పాలరాయి లంబాసాలో కూడా దొరకదు కాబట్టి, రాజధాని సువా నుంచి ఓడలో తెప్పిస్తారట. ఆవిడ పదమూడో రోజు భోజనాల దగ్గర ప్రెసిడెంట్ అంకుల్ మైకు పట్టుకుని ఈ సంగతి చెప్పారు. ఆయనకి ఊళ్లో హార్డ్‌వేర్ దుకాణం ఉంది. సిమెంటు తను కొన్న ధరకే ఇస్తానన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. భుజం మీద పడుకున్న నా చిన్నవాడు ఆ చప్పుడికి ఉలిక్కిపడి లేచాడు.

"అక్క ఉన్నన్నాళ్లూ మన సంఘం ఎవరికీ ఒక్క డాలరు బాకీ పడలేదు" అని కూడా అన్నారాయన.

అది నిజమే. ఆ లెక్కలో తాము ఇవ్వాల్సిన డబ్బు లేదని ఆ టెంటు కింద కూర్చున్న వాళ్లలో చాలామందికి, ఎవరి మటుకు వాళ్లకి, తెలుసు. తెలిసే చప్పట్లు కొట్టారు. పిల్లలిద్దరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. తెలుగులో రాయడానికి కారణం, నాకీ అక్షరాలు నేర్పింది ఆవిడే కావడం. మా తెలుగు సంఘం కమిటీలో తెలుగు చదవగలిగినవాళ్లు ఇద్దరే ఉన్నారు. వాళ్లిద్దరైనా చదివితే చాలు.

ఆవిడని తలుచుకుంటే నాకు ముందు చేతులు గుర్తొస్తాయి. బొటనవేలంత మిగిలిన పెన్సిలు ముక్కని కూడా పారేసేది కాదు. పాడైన పెన్ను గొట్టంలో దూర్చి, అది పొడుగు పెన్సిలు అయినట్టు పట్టుకుని రాసేది. కవర్లు జాగ్రత్తగా విప్పి, లోపలి వైపు తెల్లగా ఉన్నచోట పిల్లలకి బొమ్మలు గీసిచ్చేది. చీర కుచ్చిళ్ల దగ్గర పెద్ద పిన్నీసు, దానికి బడి తాళాలు వేలాడేవి. ఆవిడ నడిచి వస్తుంటే తాళాల చప్పుడు విని మేమంతా చాప మీద సర్దుకు కూర్చునేవాళ్లం. పిల్లలకీ మా అమ్మలకీ ఆవిడ మేడమ్. పెద్ద మగవాళ్లకి అక్క. టీచరూ ఆవిడే, సంఘానికి ఖజాంచీ ఆవిడే. ఖజాంచీ పని ఇంకెవరూ తీసుకోలేదు.

ఏం అడిగినా "అయితాదిలే" అనేది. పైకప్పు కారుతోంది మేడమ్ అంటే అయితాదిలే. కరెంటోళ్లు నోటీసు అంటించి పోయారంటే అయితాదిలే. వారం తిరక్కుండానే అయ్యేది కూడా. ఎలా అయిందని ఎవరూ అడగలేదు. ఆ మాటని అప్పట్లో ధైర్యం అనుకున్నాను. ఇప్పుడది తలపుకొస్తే పళ్లు కొరుక్కుంటున్నాను.

ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏట బడి మొదలైంది. ఆవిడకప్పుడు ఇరవై రెండేళ్లు. చెరుకు ధర బాగా పలికిన రోజులు అవి. రైతులకి మిల్లు డబ్బు ఒక్కసారిగా రాదు, ఏడాది పొడుగునా పేమెంట్లుగా వస్తుంది. ప్రతి పేమెంటుకీ ఎవరో ఒకరు బడికి ఏదో ఒకటి కొనిచ్చేవాళ్లు. ఆ వస్తువులు ఇప్పటికీ ఉన్నాయి, వాటి మీద పేర్లూ ఉన్నాయి. కుర్చీల వీపుల మీద పేర్లు. ఫ్యాను రెక్కల మీద పేర్లు, తిరిగేటప్పుడు కనపడవు. నీళ్ల ట్యాంకు మీద ఒక కుటుంబం మొత్తం ఉంది, కోడళ్లతో సహా. మరుగుదొడ్డి తలుపు మీద ఒక స్వర్గస్థుడైన తాతగారి జ్ఞాపకార్థం అని ఎర్రరంగుతో రాసి ఉంటుంది. నా పెద్దవాడు ఆ తాత లోపల ఉన్నాడేమోనని వెళ్లడానికి భయపడేవాడు.

కరెంటు బిల్లు మీద మాత్రం ఎవరి పేరూ రాయడానికి వీలుకాదు. టీచరు జీతం మీదా అంతే. వాటికోసమని రామనవమి ఉత్సవాల ఆఖరి రోజున మైకులో చందాలు చెప్పించేవారు. ఫలానా కుటుంబం యాభై డాలర్లు, ఫలానావారు వంద, మూడో పేమెంటుకి ఇస్తారు. చప్పట్లు. సెక్రటరీ ఒక పెద్ద కాగితం మీద రాసుకునేవాడు. కాగితం మీద పడగానే కమిటీ దృష్టిలో అది వచ్చేసిన డబ్బే. దాన్ని పట్టుకుని ఆ ఏడాది ఖర్చులు పాస్ చేసి, యంగోనా వేరు కలిపిన మత్తునీళ్ల గిన్నె చుట్టూ కూర్చుని కొబ్బరి చిప్ప మీద చిప్ప తాగి ఇంటికి పోయేవారు.

ఆ డబ్బు నిజంగా రప్పించడం మేడమ్ పని. డబ్బు అడగడం మావాళ్లలో మహా తప్పు, అడిగించుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. అందుకని ఆవిడ అడిగేది కాదు. శనివారం బస్సెక్కి, గొడుగు పట్టుకుని, ఆ ఇంటికి వెళ్లి వరండాలో కూర్చునేది. ఒక్కోసారి వాయినికోరో దాకా వెళ్లేది, బస్సులో సగం రోజు పోయేది. టీ ఇస్తే తాగేది. మేక ఈనిందా, పిల్లవాడి దగ్గు తగ్గిందా అని అడిగేది. చందా మాట ఎత్తేది కాదు. వాళ్లు డబ్బు తెచ్చి చేతిలో పెట్టేదాకా కూర్చునే ఉండేది. లేవమనడం ఎవరివల్లా కాదు కదా.

మా ఇంటికీ వచ్చింది. నాకప్పుడు ఆరేళ్లు, ఆవిడ బడి దాటి పెద్ద బడికి వెళ్తున్నాను. రోడ్డు మీద గొడుగు కనపడగానే నాన్న వంటింటి తలుపు గుండా వెనక్కి వెళ్లి నీళ్ల ట్యాంకు చాటున నిలబడ్డాడు. నాన్న ఊళ్లోకి వెళ్లాడని చెప్పమని అమ్మ నన్ను పంపింది. చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, "అయితే నువ్వు అక్షరాలు చెప్పు, వింటా ఉంటా" అంది. నేను అ దగ్గర మొదలుపెట్టాను. గుణింతాలు కూడా చెప్పించింది. ఎండలో నిలబడ్డ నాన్న, కూతురు గొంతు ఎండిపోవడం వినలేకో తనకే వడదెబ్బ తగిలేట్టుందనో, ఆఖరికి బయటికి వచ్చాడు. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు, వెటకారం లేదు. "వస్తివా నాయనా, బస్సు బిరీన దొరికినట్లుండాది" అంది. నాన్న ఇరవై డాలర్లు ఇచ్చాడు. మైకులో చెప్పింది యాభై. మిగతాది తర్వాత అన్నాడు. ఆ తర్వాత అనేది రాలేదు.

అది మా ఒక్క ఇంటి కథ అనుకున్నాను. ఇరవై ఏళ్లకి పైగా అలాగే అనుకున్నాను.

ఈలోగా రోజులు మారాయి. సైన్యం గద్దెనెక్కాక చదువుకున్న కుటుంబాలు కొన్ని దేశం విడిచి వెళ్లాయి. తర్వాత చెరుకు భూముల లీజులు ముగిశాయి, సొంతదార్లు భూమి వెనక్కి తీసుకున్నారు. మా వీధిలోనే మూడు ఇళ్లవాళ్లు గోడల చెక్కలు, పైకప్పు రేకులు ఊడదీసి లారీకెక్కించుకుని సువా వైపు వెళ్లారు. ఉన్నవాళ్లు తగ్గారు, మైకులో చెప్పే అంకెలు మాత్రం తగ్గలేదు. తుపానుకి హాలు కప్పు ఎగిరిపోయిన ఏడాది బ్యాంకులో దాచిన డబ్బంతా కప్పుకే పోయింది. అయినా ప్రతి ఏడాదీ లెక్కలు సరిపోయేవి. చెప్పిన చందాలన్నీ వచ్చినట్టు, ఖర్చులు పోగా కొంచెం మిగిలినట్టు. కమిటీ ఆవిడకి ఒక పూలదండ వేసేది.

నేను సువాలో చదువు ముగించుకుని, పెళ్లయి, మళ్లీ బులిలేకాకే వచ్చాను. పెద్దవాడిని ఆవిడ బడిలోనే వేశాను. వాడికి ఉబ్బసం. కొత్తచోట్ల ఊపిరి అందక నీలబడతాడు. ఆవిడ దగ్గర మాత్రం నేను వాడిని వదిలి రాగలిగేదాన్ని. మందు గొట్టం ఎలా నొక్కాలో ఒక్కసారి చూపిస్తే నేర్చుకుంది. ఆవిడ చూపు తగ్గడంతో, ఖాతా పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పోయిన ఏడాది నాకు పడింది. బడి వదిలాక, వాడు జారుడుబల్ల ఎక్కి దిగుతుంటే, నేనూ ఆవిడా చిన్నపిల్లల బల్ల దగ్గర మోకాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లం.

మూడో రోజున నాకు కనపడింది. ప్రతి నెలా ఆవిడ జీతం తీసుకున్నట్టు సంతకం. ఆ మర్నాడే నాలుగైదు కుటుంబాల పేర్ల మీద చందాలు ముట్టినట్టు రసీదులు. వాటిని కూడితే ఆవిడ జీతం, పైన ఇంకొంచెం. ఆ ఇంకొంచెం ఎక్కడిదో నేనప్పుడు పట్టించుకోలేదు.

"వీళ్లందరూ ఒకే రోజు వచ్చి ఇచ్చారా మేడమ్?"

"రాలేదు."

"మరి డబ్బెక్కడిది?"

"నా తలబ్ ఉండాది గదా" అంది. జీతాన్ని ఆవిడ తలబ్ అనే అనేది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. వరండాల్లో కూర్చున్నా డబ్బు రాని రోజులు వచ్చాయి. అప్పుడు ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. ఇవ్వనివాళ్ల పేరు మీదే ఇచ్చినట్టు రసీదు రాసి, వాళ్ల ఇంటికి పంపింది. ఇవ్వని డబ్బుకి రసీదు చూసుకుంటే ఏ మనిషికైనా సిగ్గయి, తెచ్చి ఇస్తారని నమ్మింది.

"మొదటి ఏడు ఇద్దరు తెచ్చినారు. ఒకాయన ఏడ్చినాడు కూడా."

"తర్వాత?"

"తర్వాత ఎవురూ తేలేదు."

"మరి మళ్లీ మళ్లీ ఎందుకు పంపారు?"

"ఒకతూరి పంపినాక ఆపితే, నువ్వియ్యలేదు అని ఆ మనిషి మొగాన చెప్పినట్లు గదమ్మా."

పాత పుస్తకాలు కూడా తీసి వెనక్కి తిప్పాను. మా నాన్న పేరు దొరికింది. ముప్పై డాలర్లు, ముట్టినది. ఆ రసీదు మా ఇంటికీ వచ్చి ఉంటుంది. నాన్న చూసుకుని ఉంటాడు. లెక్కల పొరపాటు మన మంచికే జరిగిందనుకుని ఊరుకుని ఉంటాడు. మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ రాలేదు. ఇన్ని ఇళ్లలోనూ రాలేదు. ప్రతి ఇల్లూ తను ఒక్కతే ఎగ్గొట్టిందనీ, మిగతావాళ్లు ఇస్తున్నారు కాబట్టి బడి నడుస్తోందనీ అనుకుంది. లెక్కలు సరిపోయిన ప్రతిసారీ ఆ నమ్మకం ఇంకొంచెం గట్టిపడింది.

నేను ఆవిడ మీద అరిచాను. ఊరందరినీ ఇలా అలవాటు చేసింది మీరేనన్నాను. మీరు తినేదేమిటి అని అడిగాను. భర్త మిల్లులో పనిచేసి పోయాక వచ్చే కొంచెం డబ్బు, సాయంత్రాలు యూనిఫారాలు కుట్టగా వచ్చేది, తమ్ముడి ఇంటి వెనక ఒక గది. అది చాలదా అంది. ఇదంతా కమిటీకి చెప్పేస్తానన్నాను.

ఆవిడ జారుడుబల్ల వైపు చూసింది. "చెప్పు. చెప్తే ఫీజు రెండింతలు చేస్తారు, లేకుంటే మూసేస్తారు. నీ బిడ్డ ఈడ్నే ఉండాడు గదా. ఏం చెయ్యమంటావు నువ్వే చెప్పు."

నేను కమిటీకే కాదు, ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాదంతా నా కొడుకు ఆవిడ జీతం మీదే బడికి వెళ్లాడు. కమిటీ మీద నేను ఎంత మండిపడ్డా, ఈ వాక్యం ఇక్కడ రాయకుండా దాటిపోతే నేనూ వాళ్లలో ఒకదాన్నే.

ఆవిడకి షుగరుంది. కాలికి చిన్న పుండు పడింది, పాత రబ్బరు చెప్పు పట్టీ కోసి. డాక్టరు దగ్గరికి పదండని నేను మూడుసార్లన్నాను. అయితాదిలే అంది. నాలుగోసారి అడగకుండానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లవలసింది. చిన్నవాడికి అప్పుడు నెల నిండలేదు, వీల్లేకపోయింది. ఆసుపత్రిలో చేరేసరికి ఆలస్యమైంది. చూడ్డానికి వెళితే, పిల్లల పాల డబ్బా మూత సరిగ్గా పెట్టారా, చీమలు పడతాయి అని అడిగింది. అదే ఆఖరు మాట.

ఆర్చి తీర్మానం జరిగిన రెండు వారాలకి కమిటీ సంఘం వాళ్లందరినీ పిలిచి కూర్చుంది. నన్ను ఖజాంచీగా ఉండమన్నారు. చదువుకున్న పిల్లవి, అక్క పుస్తకం నీకు బాగా తెలుసు అన్నారు. హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. యంగోనా గిన్నె చుట్టూ పెద్దవాళ్లు, గోడ పక్కన ఆడవాళ్లు. నేను రసీదు పుస్తకాల నకళ్లు బల్ల మీద పెట్టాను. డబ్బు రాకుండానే రాసినవి ప్రెసిడెంట్ అంకుల్ పేరున రెండు ఉన్నాయి. వాటిని పైన పెట్టాను.

ఈ ఏడాది డబ్బు ఎంత వచ్చిందో, రసీదులు ఎంతకి రాశారో రెండూ చదివాను. మధ్యలో ఉన్న తేడా మేడమ్ జీతమని చెప్పాను. డబ్బివ్వకుండా రసీదు అందుకున్నవాళ్లు చెయ్యెత్తమన్నాను. నాన్న పోయి మూడేళ్లయింది కాబట్టి ఆయన తరఫున నేనే ముందు ఎత్తాను.

గిన్నెలో చిప్ప ముంచే ఆయన ముంచడం ఆపాడు. ప్రెసిడెంట్ అంకుల్ గొంతు సవరించుకున్నారు.

"బేటీ, చచ్చిపోయిన మనిషిని చోర్ అంటున్నావా? దొంగ రసీదులు రాసిందనా?"

"చోర్ ఎవరో రసీదు అందుకున్న వాళ్లకి తెలుసు అంకుల్."

"అక్క ఇష్టపడి ఇచ్చింది. అది ఆమె ధర్మం. మనం మధ్యలో మాట్లాడకూడదు" అన్నారు.

గోడ పక్కనుంచి ఒక ముసలామె చెయ్యెత్తింది. వాయినికోరో నుంచి మనవడి కారులో వచ్చింది. "మా ఇంటికి మూడు చిట్టీలు వచ్చినాయి. మేమిచ్చింది ఒకదానికే. గల్తీ అయిందేమో, అక్కకి చెప్తే బాధపడతాదని గమ్మునుండినాం" అంది. ఆమెకి ఇరుపక్కలా ఉన్నవాళ్లు చీర కొంగులు సర్దుకున్నారు. వెనకనుంచి ఎవరో నవ్వారు. ఇంకో రెండు చేతులు లేచాయి, లేచినంత తొందరగానూ దిగాయి. చాలు, చూడాల్సినవాళ్లు చూశారు.

అంకుల్ నాకు రెండు దారులు చూపించారు. ఆర్చి అయ్యేదాకా ఈ ఒక్క ఏడాదికి లెక్కలు పాత పద్ధతిలోనే రాయమన్నారు, లేదంటే ఖజాంచీ పని వద్దన్నారు. నేను మూడోది చెప్పాను. చేతికొచ్చిన డబ్బుకే రసీదు, జీతం పోగా మిగిలిన దానికే సిమెంటు, అలా ఒప్పుకుంటేనే సంతకం పెడతానన్నాను. ఒప్పుకున్నారు. నా మీద గౌరవంతో కాదు, నేను మళ్లీ చేతులు ఎత్తమంటానేమోనని. ఆర్చి వాయిదా పడింది. ఫీజు పెరిగింది, రెండింతలు కాలేదు కానీ దాదాపు అంత. ఐదుగురు పిల్లలు మానేశారు. వాళ్లలో ఒకడు చెరుకు కొట్టే కూలీ కొడుకు, మావాడికి స్నేహితుడు. గేటు దగ్గర వాళ్లమ్మ ఎదురై, మేడమ్ ఉన్నప్పుడు ఇలాంటివి లేవు అంది. మేడమ్ ఉన్నప్పుడు నిజంగానే లేవు. పేదవాడి ఫీజు కోసం ఇల్లిల్లూ తిరిగి అడుక్కోమని ఆవిడ అంటే నేను అడుక్కునేదాన్ని. ఆ కుర్రాడి గురించి కమిటీని అడిగాను, ఇంకా జవాబు రాలేదు. మళ్లీ అడుగుతాను.

ఇప్పుడు బడి నడిపేది శలేష్ని అనే అమ్మాయి. ఇరవై నాలుగేళ్లు. ఐదేళ్లు మేడమ్ కింద అసిస్టెంటుగా పనిచేసింది. జీతం నిజంగా జీతంగా ఇచ్చిన మొదటి నెల ఇది. పిల్లలు వెళ్లాక చిన్న బల్ల దగ్గర కూర్చుని లెక్కపెట్టి ఇచ్చాను. సంతకం చేసింది. నోట్లు లెక్కపెట్టుకుని, కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు పెట్టి, నా వైపు చూసింది.

"దీదీ, ఇందులో ఎంత వాపస్ ఇయ్యాల?"

ఐదేళ్లుగా ఇస్తూ వచ్చిందట. మేడమ్ అడగలేదట. మేడమ్ తనది తీసి పెడుతుంటే చూసి, టీచర్లందరూ ఇలాగే చేయాలేమో అనుకుందట. తనది ఏ పేరు మీద రాసేవారో తనకి తెలియదట. లెక్కలో పైన కనపడ్డ ఆ ఇంకొంచెం ఇదే. ఇంట్లో తల్లికి కళ్ల ఆపరేషను రెండేళ్లుగా వాయిదా పడుతోందని కూడా, నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

మేడమ్ పోయిన రోజున కూడా నాకు ఇంత కోపం రాలేదు. వాపస్ ఇవ్వడానికని ఎడమవైపు పెట్టిన నోట్లన్నీ తీసి ఆ పిల్ల సంచిలో కుక్కాను. అది భయపడింది. తక్కువైందా దీదీ, అని అడిగింది.